పోటు నిండుగా ఉన్నప్పుడు రమ్మంది

కిరీటం కింద, సరిగ్గా ఎడమ చెవి పైన, దురద మొదలైంది. పొద్దుటి నుంచి ఎక్కడ దాక్కుందో గానీ, రాజపడవ మొదటి రేవు చూసుకుని మడ అడవిలోని ఇరుకు పాయలోకి తిరిగిందో లేదో, వచ్చి కూర్చుంది. ఓలు కదల్లేదు. ఇత్సెకిరి వాళ్ల ఓలు, అంటే రాజు, నలభై తెడ్ల పడవ మధ్యలో, ఎర్ర గొడుగు నీడన, మెడ నిండా పగడాల బరువుతో కూర్చున్నప్పుడు తల గోక్కోడు. నలుగురిలో తినడు, ఆవలించడు, ఎండ కళ్లల్లో పడితే చెయ్యి అడ్డం పెట్టుకోడు. మనిషన్నవాడి ముందు నడుం వంచడు. ఈ పాఠాలన్నీ పదేళ్ల కిందట మూడు నెలల్లో నేర్చుకున్నాడు, బాగానే వంటబట్టాయి కూడా. దురద ఒక్కటే ఆ బళ్లో చదువుకోలేదు. చిన్నప్పటి నుంచీ అంతే, మనసులో కంగారు పుడితే చాలు, ఎడమ చెవి పైన పుట్టేది. పరీక్షల రోజు అక్కడే, నాన్న పోయిన రోజు అక్కడే, మొదటిసారి ఒక మోటారు విప్పేసి మళ్లీ బిగించడం చేతకాక దాని వంక చూస్తూ కూర్చున్న రోజూ అక్కడే. అమ్మ చూడగానే పట్టేసేది, మళ్లీ ఏం వెలగబెట్టావురా అని అడుగుతూనే తన వేలితో అక్కడ గీకేది. అమ్మ. అదీ అసలు సంగతి. ఇంకో మూడు వంపుల అవతల ఉగ్బోలేలె, అక్కడి రేవులో అమ్మ. ఉంటే. నీళ్లు ఉన్నంతసేపే ఉంటానంది కదా.

ఆ కబురు బేమి తెచ్చి వారమైంది. బేమి అతని చెల్లెలు, తల్లీకొడుకుల మధ్య నాలుగేళ్లుగా నడుస్తున్న తపాలా అంతా ఆమెదే. లోపలి గదిలోకి వచ్చింది, పద్ధతిగా మోకాళ్ల మీద కూర్చుని "ఓగియామే, సుఓ" అంది, నీళ్ల రాజా, కలకాలం ఏలు అని. తలుపు మూసుకుందని చూసుకున్నాక చాప మీద చతికిలబడి, అన్న పళ్లెంలోని కాల్చిన అరటికాయ ముక్క నోట్లో వేసుకుని అప్పుడు చెప్పింది. పట్టాభిషేకం పదో ఏటి పండక్కి రాజు ఊరూరా తిరుగుతాడనీ, ఉగ్బోలేలె కూడా జాబితాలో ఉందనీ చెప్తే అమ్మ చేపలు తిరగేస్తూ పొగలోంచి తల కూడా ఎత్తలేదట. "పోటు నిండుగా ఉన్నప్పుడు రమ్మను. నీళ్లు తీశాక వస్తే నన్ను చూడలేడు" అందట. అంతేనా అన్నాడు. అంతే అంది. ఎందుకని అడగొద్దూ అన్నాడు. అడిగానన్నయ్యా, నీకెందుకే అని బుట్టెడు ఎండు రొయ్యలు నెత్తిన పెట్టి తరిమేసింది అంది బేమి, రెండో ముక్క తీసుకుంటూ. వారం రోజులుగా ఓలు తీర్పులు చెబుతున్నాడు, మొక్కులు అందుకుంటున్నాడు, పక్క తెగ పెద్దలు పొలిమేర సంగతి మాట్లాడుతుంటే గంభీరంగా తల ఊపుతున్నాడు, లోపల మాత్రం ఇదొక్కటే తిరుగుతోంది. పోటుకీ అమ్మకీ ఏమిటి సంబంధం? రేవు అందంగా కనబడాలనా? నీళ్లు తీస్తే అక్కడంతా బురదే, రాజు కాలికి బురద అంటకూడదనా? అమ్మ అలాంటివి పట్టించుకునే మనిషి కాదు, చిన్నప్పుడు అదే బురదలో నత్తలేరడానికి మొలదాకా దింపేది. లేక, మొదట్నుంచీ రావడం ఇష్టంలేక పెట్టిన వంకా? ఆలస్యంగా రాకపోతే రాజు ఎలా అవుతాడు, ఆలస్యంగా వస్తాడు, నేను లోపల కూర్చుంటాను అనుకుందా?

ఎందుకంటే మోకాళ్లు. అన్నిటికీ మూలం ఆ మోకాళ్లు. ఇత్సెకిరి ఇంట్లో పిల్ల అమ్మకి మోకరిస్తుంది, కోడలు అత్తకి మోకరిస్తుంది, ఓలు ముందు ఊరు ఊరంతా మోకరిస్తుంది, కన్నతల్లికీ మినహాయింపు లేదు. మొదటి ఆరేళ్లూ అమ్మ ఏడాదికోసారి వచ్చేది. మద్రాసు నుంచి ఓడల్లో వచ్చే జార్జి బట్టలు రెండు, ఒకదాని మీద ఒకటి కట్టుకుని, తలగుడ్డ బిగించి, బుగ్గన కోలా గింజ పెట్టుకుని వచ్చేది. ఆ గింజ నోరు జారకుండా అన్నమాట. మోకరించేది, పళ్ల మధ్య నుంచి సుఓ అనేది, లేచి వెళ్లేది. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి వెనక్కి ఒకసారి చూసేది, అదొక్కటే అతనికి దక్కేది, ఆ చూపు కోసమే ఏడాదంతా ఉండేవాడు. తర్వాత మోకాళ్లు పోయాయి. డెబ్భై నాలుగేళ్ల మోకాళ్లు, దోనె తోసిన మోకాళ్లు, పొగపొయ్యి ముందు గొంతుక్కూర్చున్న మోకాళ్లు. నువ్వు నిలబడే మొక్కు, నేను మినహాయిస్తున్నాను అని కబురు పంపితే తిరుగు కబురు చేపల బుట్టతో పాటే వచ్చింది. చేపలమ్ముకునే ముసలిదానికొక పద్ధతి, రాజు తల్లికొక పద్ధతా, నేను నిలబడితే రేపు నీ ముందు ఎవడు వంగుతాడు అని. సరే, మోకరించు, మనుషులు పట్టుకుని లేపుతారు అన్నాడు. దానికి ఇంకా ఘాటైన జవాబొచ్చింది, పెద్ద మంత్రీ ఇంకో ముగ్గురూ కలిసి నన్ను పెండలం పిండి బస్తాలా ఎత్తుతుంటే నువ్వు చూస్తూ కూర్చుంటావు, చెయ్యి ఇవ్వడానికి నీకు వీల్లేదు, ఆ ముచ్చట జనానికెందుకు అని. ఇందులో ఒక్క మాట కూడా తప్పు కాదు. చెయ్యి ఇవ్వడానికి వీల్లేదు. మనిషి కోసం రాజు నడుం వంగదు. ఒకే రాజ్యం, ఒకే నీళ్లు, ఒక పూట ప్రయాణం, నాలుగేళ్లుగా అమ్మ మొహం చూడలేదు. ఈ పర్యటనలో తప్ప ఓలు ఎవరి ఊరికీ వెళ్లడు. అమ్మకిప్పుడు డెబ్భై ఎనిమిది. మళ్లీ పర్యటన పదేళ్ల తర్వాత.

పడవ ముందు భాగంలో పాట సాగుతోంది. పెద్దరికం గల పాట, తెడ్డు వేటుకీ వేటుకీ మధ్య ఆవు దాటేంత సందు. ఓలు కళ్లు తిప్పకుండా కంటి చివర్నించి ఒడ్డు చూశాడు. మడ చెట్ల వేళ్లు నీళ్లలోకి దిగేచోట తడి చార ఒకటి. నీళ్లపైన ఒక వేలెడు. వేలెడంటే పోటు తిరిగి ఎంతోసేపు కాలేదు. ఈ లెక్క ఏ గురువూ నేర్పలేదు, అమ్మ నేర్పింది, దోనె ముక్కు మీద కూర్చోబెట్టి, చెట్ల వేళ్లు చూడు, వేళ్లు అబద్ధం చెప్పవు అని. ఇదంతా మొదటి రేవు పెద్దమనిషి పుణ్యం. ఆయన స్వాగతోపన్యాసం తాతల దగ్గర మొదలైంది, బెనిన్ నుంచి ఈ వంశపు తొలి రాకుమారుడు పెట్టెలో కూర్చుని నీళ్ల మీద వచ్చిన కథ దగ్గరకొచ్చింది, అందులో తమ ఊరివాళ్లు ఆ పెట్టెకి మొదట తాడు వేసిన సంగతి దగ్గర ఆగి రెండుసార్లు చెప్పాడు. అదే సంగతి పక్క ఊరివాళ్లు కూడా చెప్పుకుంటారు మరి, రెండుసార్లు చెప్పకపోతే ఎలా. ఈలోగా కానుకగా తెచ్చిన మేక తాడు తెంపుకుని నీళ్లలో దూకింది. దాన్ని పట్టడానికి ముగ్గురు నాయకులు, తెల్ల చొక్కాలతో సహా. జనం విరగబడి నవ్వారు, ఓలు నవ్వకూడదు గనక బుగ్గ లోపలి భాగం కొరుక్కున్నాడు, ఇప్పటికీ మండుతోంది. మేక మాత్రం అందరికంటే దర్జాగా ఈదింది. ఇంకెప్పుడైనా అయితే ఇది తలచుకుని నెల రోజులు లోలోపల నవ్వుకునేవాడు, ఇప్పుడు ఆ మేక ఈదిన ప్రతి బారా అమ్మ రేవులో నీళ్లు తగ్గించినట్టే అనిపించింది.

మేక. మేకంటే గుర్తొస్తుంది, పట్టాభిషేకం రోజు అమ్మకి పడిన జుర్మానా కూడా మేకే. ఆ రోజు ఇదే పడవ, ఇదే గొడుగు. మూడు నెలలు ఏకాంతంలో ఉంచి, రాజంటే ఏమిటో నేర్పి, బయటికి తెచ్చారు. అంతకు ముందు అతను వారి అనే పట్నంలో మోటారు పడవల మెకానిక్కు, గోళ్ల సందుల్లో నల్ల నూనె, భుజాన స్పానర్ల సంచి. తండ్రి రాకుమారుడే గానీ వరసలో నాలుగోవాడు, పైగా చేపలమ్మే ఉలోరిని, అంటే అమ్మని, చేసుకుని ఉగ్బోలేలెలోనే ఉండిపోయినవాడు, అలాంటివాడి కొడుకుని ఎవరు వెతుక్కుంటూ వస్తారు? వచ్చారు. పెద్దలు గుడిసెలో కూర్చుని ఇతని పేరు చెబితే అమ్మ మొదట మోటారు బాగుచెయ్యమని వచ్చారనుకుంది. తర్వాత కత్తుల పరీక్ష, ఒకేలా ఉన్న కత్తులు వరసగా పెట్టి, నీదేదో తీసుకో అన్నారు. తప్పు కత్తి తీస్తే ఆ మొహం ఎక్కడ పెట్టుకోవాలో ఎవరూ చెప్పలేదు. చెవి పైన దురద ఆ రోజూ అంతే, చెయ్యి తలకి పోబోయింది, పోనీకుండా కిందికి లాక్కుంటే అది నేరుగా ఒక కత్తి పిడి మీద పడింది. అదే అసలుదట! జనం హోరెత్తిపోయారు, పూర్వీకులే చెయ్యి పట్టి నడిపించారన్నారు. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, చెబితే అమ్మకొక్కదానికే చెప్పాలి, వినగానే పొట్ట పట్టుకుని నవ్వుతుంది. ఆ తర్వాత కిరీటం పెట్టారు, పెట్టిన క్షణంలో అతని పాత పేరు చచ్చిపోయింది, ఇక ఏ నోటా రాకూడదు, ఆ పేరుగల మనిషి లోకంలో లేడు. కిరీటంతో పడవ దిగుతూ పలక మీద కాలు వేశాడు, తడి పలక, కాలు జారింది, పడలేదు, తూలాడంతే. అప్పుడు అంత జనంలోంచి, అంత నిశ్శబ్దంలో, అమ్మ గొంతు చించుకుని అరిచింది: "జాగ్రత్తరా త్సోనే!"

పెద్ద మంత్రి జెమీదె ఆ క్షణాన ఏం చేశాడంటే, కళ్లు మూసుకున్నాడు. తర్వాత తెరిచి ఒక మేకా రెండు సీసాల జిన్నూ అన్నాడు. ఆయనా ఏం చేస్తాడు పాపం, చట్టం ఆయన పెట్టింది కాదు. అమ్మ మేకని తెచ్చింది. తెచ్చి ఊరుకోలేదు, మీ వంటవాళ్లకి మిరియం ఎంత వెయ్యాలో తెలీదని తనే పులుసు పెట్టింది, అందరికంటే ముందు జెమీదెకే వడ్డించింది, ఆయన మూడుసార్లు వేయించుకున్నాడని బేమి ఇప్పటికీ చెబుతుంది. ఓలు ఆ పులుసు తినలేదు, నలుగురిలో తినకూడదు కదా. వాసన మాత్రం వచ్చింది. గోడకి అవతల అమ్మ నవ్వు వినబడుతోంది, ఇవతల కొత్త రాజు ఒంటరిగా, తన పేరు ఆఖరిసారి ఎవరు పిలిచారో తలచుకుంటూ. ఆఖరిసారి అదే. పదేళ్లయింది. పెళ్లాలు ఓగియామే అంటారు, పిల్లలు ఓగియామే అంటారు, చెల్లెలు అన్నయ్యా అని తప్పించుకుంటుంది. మంచిదే, గౌరవమే, కాదని ఎవరన్నారు. అద్దంలో చూసుకుని తనే ఒకసారి త్సోనే అని పిలుచుకున్నాడు, ఏదో దొంగతనం చేసినట్టుండి మళ్లీ ప్రయత్నించలేదు.

ముందు దారి తీస్తున్న మోటారు పడవ దగ్గింది. ఓలు చెవులు నిక్కపొడుచుకున్నాయి, కిరీటం కింద కనబడలేదు గనక సరిపోయింది. మళ్లీ దగ్గింది, రెండు చిన్న దగ్గులూ ఒక పెద్దదీ. ప్లగ్గు, అనుకున్నాడు. మసి పట్టింది. ఇంకో పది బారలు వెళ్లి ఆగిపోతుంది చూడు. సరిగ్గా పది బారలు వెళ్లి ఆగిపోయింది, ఆగి, నీటి వాలుకి అడ్డం తిరిగి, ఇరుకు పాయలో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి గడియ వేసినట్టు నిలిచింది. నడిపేవాడు తాడు లాగాడు, లాగుతూనే ఉన్నాడు. వెనక నలభై తెడ్లూ గాలిలో నిలిచిపోయాయి, పాట ఆగింది. ఒడ్డున తడి చార రెండు వేళ్లయింది. లాగకురా, లాగితే ఇంకా తడుస్తుంది, అయ్యో లాగకు, విప్పి తుడువు. ఓలు వేళ్లు ఒళ్లోని జార్జి బట్టని నలిపేస్తున్నాయి, ఒక్క దూకులో అక్కడికి వెళ్లి నిమిషంలో బాగుచెయ్యగలడు. వెళ్లకూడదు. వెళ్లాల్సినవాడు ఆ పేరుతో పాటే పోయాడు, ఈ పడవలో ప్రతివాడికీ అతను ఏం పని చేసేవాడో తెలుసు, ఒక్కడూ నోరెత్తడు. మూడోసారి తాడు తెగినంత పనయ్యాక ఇక ఉండబట్టలేక, పెదవులు పెద్దగా కదలకుండా, ప్లగ్గు విప్పి గుడ్డతో తుడిచి ఎండకి చూపించమను అన్నాడు. జెమీదె ఒక్క క్షణం అతని వంక చూశాడు. ఆయనకి అరవై దాటాయి, ఇత్సెకిరి రాజ్యంలో ఆయనకి తెలియని చట్టం లేదు, ప్లగ్గంటే ఏమిటో తెలియదు. లేచి నిలబడి, వెండి కర్ర పడవ పలకకి తాకించి, యుద్ధం ప్రకటిస్తున్న గొంతుతో, ఓగియామే సెలవిస్తున్నారు, ప్లగ్గు విప్పి తుడిచి ఎండకి చూపించవలసింది, అన్నాడు. చూపించారు. మోటారు ఒక్క లాగుకి అందుకుంది. సుఓ, సుఓ అని అరుపులు, ఇది కూడా పూర్వీకులే చెప్పారని రేపు ఊరంతా అనుకుంటారు.

"పాట మార్చమను" అన్నాడు ఓలు, ఈసారి దాచుకోకుండా. చేపల వేట నుంచి పందెం కట్టి ఇంటికొచ్చేటప్పుడు పాడే పాట, తెడ్డుకి తెడ్డు ఊపిరాడనివ్వని పాట, అది పాడమన్నాడు. అది రాజపడవలో పాడేది కాదు ఓగియామే అన్నాడు జెమీదె, మర్యాదగానే. పాడకూడదని ఎక్కడైనా ఉందా అని ఓలు అడిగాడు. జెమీదె ఆలోచించాడు, నిజంగానే ఆలోచించాడు, ఆ ముసలాయన ఆలోచిస్తుంటే నుదుటి మీద గీతలు ఒక్కొక్కటిగా దిగుతాయి. లేదు, ఇంతవరకూ ఎవరూ తొందరపడలేదు కాబట్టి రాయలేదు, అన్నాడు. తెడ్లవాళ్లకి రెండోమాట అక్కర్లేకపోయింది. పొద్దుటి నుంచి పెద్దరికం మోసి మోసి విసిగిపోయిన నలభై మంది ఒక్కసారి కేక పెట్టి వంగారు, పడవ ముక్కు లేచింది, గొడుగు వెనక్కి వాలింది, పట్టుకున్నవాడు బూతు మాట సగంలో మింగాడు. గాలి మొహానికి కొడుతోంది. ఓలుకి నవ్వొచ్చింది, ఈసారి బుగ్గ కొరుక్కోవడం మరిచిపోయాడు. చిన్నప్పుడు ఇలాగే అమ్మ దోనె, సంత రోజు, మిగతావాళ్లకంటే ముందు చేరాలని ఆవిడ తోస్తుంటే తను ముందు కూర్చుని నీళ్లు తోడేవాడు. అమ్మ ఎప్పుడూ రెండోదిగా రాలేదు. అలాంటి మనిషి ఇంట్లో కూర్చుని కొడుకు వెళ్లిపోవడం చూస్తుందా? చూడదు. ఏదో ఉంది. పోటు నిండుగా ఉన్నప్పుడు రమ్మంది, నిండుగా ఉంటే రేవు మెట్ల దాకా వస్తాయి నీళ్లు, మెట్ల దాకా వస్తే ఏమవుతుంది? మొదటి వంపు దాటింది. తడి చార మూరెడు. రెండో వంపు. పొగ వాసన. మడ కట్టెల పొగ, చేప కొవ్వు అందులో పడి చిటపటమన్న వాసన, రాజభవనంలో ఎన్ని అత్తర్లు చల్లినా అతని ముక్కు లోపల ఒక మూల ఇది అలాగే ఉండిపోయింది. నోట్లో నీళ్లూరాయి. మింగాడు, మింగడానికి నిషేధం లేదు. దురద మాత్రం ఇప్పుడు తలంతా పాకుతోంది.

మూడో వంపు తిరిగేసరికి ఉగ్బోలేలె కనబడింది. రేవంతా బురద. నీళ్లు మెట్లు వదిలి, కట్టేసిన దోనెలు వదిలి, చాలా కిందికి దిగిపోయాయి, దోనెలు పక్కకి ఒరిగి పడుకున్నాయి. మెట్ల మీద ఊరంతా ఉంది, తెల్లబట్టలు, డప్పులు, ముసలాళ్లు, ఎత్తుకున్న పిల్లలు, అందరూ మోకాళ్ల మీదికి దిగుతున్నారు. అతని కళ్లు ఒక్కో తలగుడ్డ మీదా ఆగి ముందుకెళ్లాయి. లేదు. రెండోసారి మొదట్నుంచీ వెతికాడు. బేమి ఉంది, మెట్ల చివర, మోకరించకుండా నిలబడి చెయ్యెత్తి ఊపుతోంది, ఏమిటి దీనికి మతి పోయిందా, ఊపడం కాదు, చూపిస్తోంది, పడవ వైపు కాదు, పక్కకి, నీళ్ల వైపు. చూశాడు. పాయ మధ్యలో, బురద అంచుకి పాతిక బారల దూరంలో, నీళ్ల మీద ఒక నీలం తలగుడ్డ. దాని కింద అమ్మ. రొమ్ముదాకా నీళ్లలో, రెండు జార్జి బట్టలూ కట్టుకుని, పక్కన పాతిన ఒక గెడకర్రని ఒక చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. మెట్ల దగ్గరే మొదలుపెట్టి ఉంటుంది పొద్దున, నీళ్లు వెనక్కి పోతుంటే వాటి వెంటే ఒక్కో అడుగూ వెనక్కి వేసుకుంటూ, కర్ర పీకి పాతుకుంటూ ఇంత దూరం వచ్చేసింది. నీళ్లు తనని వదిలెయ్యకుండా. ఒడ్డునుంచి ఎవరో చెప్తున్నారు, ఎంత బతిమాలినా బయటికి రాలేదు, మా రాజు ఇంకా రాలేదు అంటుంది అని.

అప్పుడర్థమైంది. నీళ్లలో మనిషి బరువుండదు. నేల మీద లేవనని మొరాయించే మోకాళ్లు నీళ్లలో మొరాయించవు, వంగినప్పుడు పట్టుకుని, లేచేటప్పుడు నీళ్లే ఎత్తుతాయి, మంత్రులు అక్కర్లేదు, బస్తా అక్కర్లేదు. నాలుగేళ్లు ఆలోచించి ఇది కనిపెట్టింది, మినహాయింపు ఒప్పుకోని మొండి మనిషి. పడవ ఆపండి అనబోయేలోగానే జెమీదె చెయ్యెత్తి ఆవిడ పక్కనే ఆపించాడు. అమ్మ కర్ర వదిలేసింది. అతని వైపు నిండా తిరిగి, తలగుడ్డ ఒకసారి సరిచూసుకుని, కిందికి దిగింది, నెమ్మదిగా, సుఖంగా, చిన్నపిల్ల ఊయల్లోకి దిగినట్టు. నీళ్లు మెడదాకా వచ్చాయి, గడ్డం దాకా వచ్చాయి. "ఓగియామే, సుఓ" అంది. బుగ్గన కోలా గింజ లేదు, మాట స్పష్టంగా ఉంది. ఆ వెంటనే నీళ్లు ఆవిణ్ణి పైకి తెచ్చి నిలబెట్టాయి, నిలబడి, ఎలా ఉంది అన్నట్టు జెమీదె వంక చూసింది. జెమీదె తల వంచాడు. ఎంత వంచాడంటే మంత్రి వంచాల్సినదానికంటే కొంచెం ఎక్కువే.

రేవులో దిగేముందు ఓలు నీళ్లకి మొక్కాలి, అది ప్రతిచోటా ఉన్నదే, జెమీదె ఇత్తడి గిన్నె నీళ్లలో ముంచి ముందుకి చాపితే రాజు రెండు వేళ్లు తడిపి నుదుట పెట్టుకుంటాడు. ఇప్పుడూ గిన్నె ముంచి చాపాడు. ఓలు దాన్ని చూశాడు. ఏకాంతంలో ముసలి గురువు చెప్పిన మాట వినబడింది, నీ నడుం నీళ్లకి తప్ప ఎవరికీ వంగదు, పూర్వం రాజులు పడవ అంచున వంగి తామే దోసిట పట్టేవాళ్లు, ఒకాయన కిరీటం జారబోయిందని ఈ గిన్నె వచ్చింది. గిన్నె సౌకర్యం కోసం. గిన్నెలోనే పట్టాలని ఎక్కడా లేదు. ఓలు లేచాడు. గొడుగు కంగారుగా వెంట వచ్చింది. పడవ అంచుకి నడిచాడు, పడవ ఆ పక్కకి ఒరిగింది, ఇరవై మంది తెడ్లవాళ్లు ఎవరూ చెప్పకుండానే అవతలి పక్కకి జరిగి సరిపెట్టారు. మోకాలు అంచుకి ఆన్చి, పదేళ్లలో మొదటిసారి, నడుం వంచాడు. పూర్తిగా వంచాడు. రాజ్యమంతా చూస్తుండగా, నీళ్లకి. ఆ నీళ్లలో, రెండు జానల దూరంలో, అమ్మ మొహం. ముడతలు కొత్తవి ఉన్నాయి, ఎడమ కంట్లో పొర ఉంది, కనుబొమ్మల మీద చుక్కలు కారుతున్నాయి. దోసిట నీళ్లు పట్టాడు, వేళ్ల సందుల్లోంచి సగం కారిపోయాయి, మిగిలినవి నుదుటికి తాకించుకున్నాడు. ఉప్పగా ఉన్నాయి, ఏవి నీళ్లో ఏవి కావో తెలియలేదు. లేవాలి, ఇంతసేపు వంగి ఉండకూడదు, ఇంకో దోసిలి పట్టాడు, నీళ్లకి ఎన్నిసార్లు మొక్కాలో మాత్రం ఎవరూ రాయలేదు.

అమ్మ అతని మొహం చూస్తోంది, చేపని ఎండిందో లేదో చూసినట్టు, అటూ ఇటూ. కనుబొమ కొసన సన్నగా అదురుతోంది, అతనికి తెలియదు, ఆవిడకి తెలుసు.

"ఎడమ చెవి పైనేనా, త్సోనే?" అంది, చిన్నగా.

వెనక జెమీదె గిన్నె పట్టుకుని మూడడుగుల దూరంలో ఉన్నాడు, అరవై దాటినా రెండు చెవులూ బాగా పనిచేసే మనిషి. మళ్లీ జుర్మానా, అనుకున్నాడు ఓలు. మేక, రెండు సీసాల జిన్ను. జెమీదె మెల్లగా ఒడ్డు వైపు తిరిగి, డప్పులవాళ్లకి కర్ర ఊపి, ఏమిటా వాయింపు, మాకు ఒక్క ముక్క వినబడటం లేదు, గట్టిగా వాయించండి అన్నాడు. ఊరంతా హోరెత్తింది. అమ్మ తడి వేలు కిరీటం అంచు కింద దూరి, వెతుక్కోకుండా, నేరుగా అక్కడ గీకింది.